నలుగురి ఊపిరి

దిగిన ఏడు 31, గాలి వాటా ఒకటో రోజు

పొద్దున ఆరింటికి పెద్ద పంకా తిరగడం మొదలైంది. ఆ చప్పుడు వింటే ఏటా నాకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఈసారి కంటి ఆపరేషను అయి పన్నెండు రోజులే అయింది, ఏడవొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. చెప్తే ఆగుతాయా?

ఆగవు. రెండు వందల పదమూడు మంది, పద్నాలుగు రోజులు, ఇంటింటా పంకాను రోజుకు గంటసేపు ఆపుకుని, ఆ కరెంటు మిగిల్చి నా ఒక్క బాన కోసం ఈ పెద్ద పంకా తిప్పిస్తారు. ద్రాక్షరసం పులిసేటప్పుడు చెడ్డగాలి వదులుతుంది. పైన ఎండకు తాళలేక కొండ కడుపులోకి దిగినవాళ్లం, ఇక్కడ గాలి కూడా పంచుకోవలసిన సరుకే. ఆ పంపకంలో నాకింత తీసి పెడుతున్నారు, ముప్పై ఏళ్లుగా. ఏం పెట్టి పుట్టానో తెలియదు.

మధ్యాహ్నానికల్లా పళ్లన్నీ పిసికేశాను. పైనుంచి ఎండను దించే అద్దాల గొట్టం కింద పండిన బుడ్డనల్ల ద్రాక్ష, తొడిమలు తీసి, తొక్కతో గింజతో సహా బానలోకి. మూడు వందల లీటర్ల మట్టిబాన నిండింది. నా ఆడబిడ్డ చెన్నక్క పక్కన కూర్చుని తొడిమలు తీసింది. చేతులు మోచేతుల దాకా ఊదారంగు.

ఈ ఏడు కొండలో పుట్టింది ఒకే బిడ్డ. గాలి మేస్త్రీ కుళ్ళాయప్ప కూతురు వన్నూరమ్మకు ఆడపిల్ల, నలభై రోజుల పసిగుడ్డు. మా ఊరి ఆచారం ప్రకారం ఈ బాన ఆ పిల్లది. పద్దెనిమిదేళ్లు మూసి ఉంచి, పిల్ల ఈడుకొచ్చిన రోజున మూత తీస్తాం. మొదటి గుక్క పిల్లకు, తరువాత ఊరందరికీ. ఒక్క ఏడు కూడా బాన తప్పలేదు.

ఇక గది సంగతి. రాయకుండా ఉందామనుకున్నాను గానీ ఈ పుస్తకంలో అబద్ధం రాసే అలవాటు లేదు. నేను కంటికి కట్టు కట్టించుకుని ఆసుపత్రి అంతస్తులో పడుకున్న నాలుగు రోజుల్లో, చెన్నక్క పదకొండు మంది ఆడవాళ్లను వెంటేసుకుని బానగదికి సున్నం వేయించింది. గోడలు, కప్పు, దూలాలు అన్నీ. బానను కూడా సున్నపునీళ్లతో రుద్ది, వేడినీళ్లతో కడిగారు. కట్టు విప్పిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఇప్పుడు కండ్లు తెరువు వదినా!" అంది. తెరిచాను. తెల్లగా మెరిసిపోతోంది. "ముప్పై ఏండ్లు మా కోసరం ఈ మసిగదిలో కూకున్యావు, నీకు ఇంతకంటే ఏం చేయగలం" అని ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె నాకు సంతోషమనుకుంది. సంతోషమూ ఉంది, లేకపోలేదు. అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

రెండో రోజు

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తెడ్డుతో కలియబెట్టాను. తొక్కలు ఇంకా పైకి తేలలేదు. రెండో రోజుకు అంతే, కంగారేం లేదు అని నాకు నేను చెప్పుకున్నాను.

బడిపంతులు ఎర్రిస్వామి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చుక్క ముట్టడు, కానీ ఏటా వచ్చి నాతో వాదన పెట్టుకోనిదే ఆయనకు అన్నం సయించదు.

"ఓబుళమ్మా, ఇంటింటికీ రుచిపెట్టె ఉండాది. మీట నొక్కితే ఏ వైను కావల్లంటే ఆ వైను గ్లాసులోకి వస్తాది. ఊరోళ్లను ఉక్కబోతలో పెట్టి నువ్వు ఈ తంటాలు పడేది యాలకు?" అన్నాడు.

"పెట్టెలో వైను నిన్న ఎట్లుండాది?" అన్నాను.

"బాగుండాదంట."

"మొన్న?"

"అట్లే ఉంటాది గదా. పెట్టె గదా అది."

"అదీ సంగతి. నిన్నా మొన్నా ఏం జరిగినా దానికి పట్టదు. పో పంతులూ, పిల్లోళ్లు కాచుకోనుంటారు."

ఆయన నవ్వుకుంటూ వెళ్లాడు గానీ ఆయనకు సరైన జవాబు చెప్పలేదని నాకు రోజంతా వెలితిగా ఉంది. ఇక్కడ రాస్తున్నాను. నేను వైనులో ఏమీ కలపను. చక్కెర కలపను, పులుపు తగ్గించను, రంగు పెంచను, కంపెనీ ఈస్టు వెయ్యను. వైను చెయ్యడమంటే నా లెక్కలో సగం ఊరికే ఉండటం. ద్రాక్షకు తెలిసిన పని దానిని చెయ్యనివ్వాలి, మనం అడ్డం రాకూడదు. వెలుతురు తక్కువైన ఏడు పుల్లగా వస్తుంది, రానీ. నీళ్ల గొట్టం పగిలి తీగలు ఎండిన ఏడు చిక్కగా వస్తుంది, రానీ. ఆ ఏడు ఎలా గడిచిందో తాగినవాళ్లకు తెలియాలి. మంచి వైను, చెడ్డ వైను అనే మాట తరువాత. ముందు అది అబద్ధం చెప్పకూడదు. నాకు తెలిసిన విద్యంతా ఇంతే, దీనికే ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంటోంది.

నాలుగో రోజు

బానకు చెవి ఆనించి అరగంట కూర్చున్నాను. చప్పుడు లేదు.

ఏ ఏడైనా మూడో రోజుకు లోపల చిటపటలు మొదలయ్యేవి, నూనెలో ఆవాలు పడ్డట్టు. నాలుగో రోజుకు తొక్కలన్నీ పైకి లేచి మందంగా కట్టుకునేవి. ఈ రోజు తెడ్డు పెడితే చల్లగా, తీయగా, పిసికిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది రసం.

ఎందుకో నాకు తెలుసు. పైన ఉన్న రోజుల్లో తేనెటీగలూ కందిరీగలూ గాలీ రసాన్ని పులియబెట్టే ఈస్టును తెచ్చి ద్రాక్షపళ్ల మీద వేసేవి. ఇక్కడ ఈగ కూడా లేదు, పండు కడిగిన ముత్యమే. మాకున్న ఈస్టంతా ఆ గోడల్లో ఉండేది. ముప్పై ఏళ్ల ఆవిరికి నల్లగా, జిడ్డుగా, చేత్తో తాకితే అంటుకునే గోడలు. బాన మట్టిలో ఉండేది, దూలాల్లో ఉండేది. అందుకే ఎవరినీ తుడవనిచ్చేదాన్ని కాదు. ఎందుకు తుడవనివ్వనో మాత్రం ఎవరికీ వివరంగా చెప్పలేదు, అది నా తప్పు. ఓబుళమ్మకు బద్ధకం, లేదా ఒంటరిదయ్యాక మనసు చెడింది అనుకుని ఉంటారు. పాపం, నాకు మంచి చేద్దామని చేశారు. సున్నం పడితే ఏం బతుకుతుంది?

అయినా రసం పోశాను. బాన లోపలి పగుళ్లలో ఎక్కడో కాస్త మిగిలి ఉంటుందని ఆశ. అంతకన్నా ఎక్కువగా, చెన్నక్క ముఖం చూసి నోరు పెగల్లేదు.

ఐదో రోజు

కుళ్ళాయప్ప వచ్చి గాలిమీటరు చూశాడు. చూసి, దాన్ని తట్టి, మళ్లీ చూశాడు.

"అక్కా, ఊరంతా చెమటలు కక్కుతాంటే నీ బాన ఊపిరే తీసుకోలేదే!" అన్నాడు.

"ఇంకా రెండు దినాలు చూద్దాం అప్పా."

అతను తెల్లటి గోడల వంక చూశాడు, నా వంక చూశాడు. గాలితో బతికే మనిషి, అతనికి చెప్పనక్కరలేదు. "సున్నమా?" అన్నాడు మెల్లగా.

"గట్టిగా అనొద్దు. చెన్నక్కకు తెలిస్తే బతకదు."

మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు, జేబులో కంపెనీ ఈస్టు పొడి పొట్లం పెట్టుకుని. సరుకుల గది నుంచి తెచ్చాడట. నాలుగు రోజుల్లో దేన్నైనా పులియబెట్టేస్తుంది, ఏ రసమైనా ఒకటే రుచికి తెస్తుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "తీసుకపో. ఈ గదిలోకి దాన్ని తెచ్చేదానికి నీకు చేతులెట్లొచ్చినాయి?" అని అరిచాను. అతను పొట్లం గూట్లో పెట్టి వెళ్లిపోయాడు. తన మనవరాలి బాన అది. అరవాల్సింది అతను, అరిచింది నేను. సాయంత్రం వాళ్లింటికి పోయి క్షమించమని అడిగాను. "నీ కోపం మాకు కొత్తా అక్కా" అని మజ్జిగ ఇచ్చాడు. ఇలాంటి మనుషుల మధ్య ఉన్నాను.

ఏడో రోజు

రసం మీద పలచగా తెల్లటి బూజు పొర. గరిటెతో తీసేశాను. వాసన ఇంకా బాగానే ఉంది కానీ ఎన్నాళ్లుంటుంది? గాలి వాటాలో సగం రోజులు అయిపోయాయి. పద్నాలుగో రోజున ఇసుకగాలులు మొదలవుతాయి, పెద్ద పంకా ఆపి సొరంగం తలుపు మూసేస్తారు. ఆ తరువాత రెండు నెలలు చిన్న పంకాలే, మనుషుల తలలు లెక్కపెట్టి ఇచ్చే గాలే.

వన్నూరమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఏడో రోజున బిడ్డ చెవిని బానకు ఆనించి ఆ చిటపటలు వినిపించడం మా అలవాటు. వద్దని చెప్పి పంపేద్దామనుకున్నాను. మాట రాకముందే ఆమె బాన పక్కన చతికిలబడి, పాప తల మెల్లగా ఆనించింది. పాప కళ్లు పెద్దవి చేసి చూసింది. ఏమీ వినపడలేదని దానికి తెలియదు.

"అత్తా, మెల్లగా మాట్లాడతాండాదా ఏంది? నాకు వినపడల్యా" అంది వన్నూరమ్మ.

నేను తెడ్డు కడిగే నెపంతో వెనక్కి తిరిగాను. ఆ కాసేపట్లోనే నా మొండితనమంతా కరిగిపోయింది. ముప్పై బానల్లో లేని ఖాళీ ఈ పసిదాని దగ్గరే రావాలా? ఈ పిల్ల పద్దెనిమిదేళ్లప్పుడు అందరికీ బాన ఉండి తనకు లేకపోతే, మీ ఓబుళమ్మవ్వ పట్టుదల వల్ల లేదు అని చెప్పాలా? పొడి వేసేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఎనిమిదో రోజు

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

పొద్దున్నే గూట్లో పొట్లం తీసి చించాను. గోరువెచ్చని నీళ్ల గిన్నె పక్కన పెట్టుకున్నాను. అప్పుడు తలుపు తోసుకుని చెన్నక్క వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి, పిండి చేతులతో, చంకలో మట్టిమూకుడు.

"కుళ్ళాయప్ప చెప్పినాడు" అంది. గుమ్మంలోనే కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

నేను పొట్లం కింద పెట్టి పక్కన కూర్చున్నాను. "నా తప్పు చెన్నక్కా. గోడలెందుకు తుడవనియ్యనో నీకు చెప్పల్ల, చెప్పలేదు. నువ్వు ప్రేమతో చేసినావు."

"ప్రేమతో చేస్తే మాత్రం, చంపేస్తిని గదా వదినా! ముప్పై ఏండ్ల దాన్ని ఒక్క దినంలో చంపేస్తిని."

చాలాసేపు ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, చంకలో మూకుడు నా ముందుకు జరిపింది. అందులో కొర్రపిండి, అట్లకు పులవబెట్టిన పిండి. పైన బుడగలు బుడగలుగా ఉంది.

"ఇది చూడు. ఏటా నువ్వు బాన మీద పొంగిన నురగ తీసి పారబోస్తాంటే నేను అడిగి తీసుకపోతాను గదా. అట్ల పిండిలో కలిపితే బాగా పొంగుతాదని. మొదటి ఏడు నుంచీ కలుపుతాండా. మూకుడు ఎప్పుడూ కడగను, పిడికెడు పిండి మిగిల్చి దాంట్లోనే మళ్లా కలుపుతా. నీ బానలో ఉండేది దీంట్లో కూడా ఉంటాదేమో, నాకు తెల్దు. నువ్వు చదువుకున్నదానివి."

నేను చదువుకున్నదాన్నట! ముప్పై ఏళ్లు ఆమె చేతి అట్లు తిన్నాను, అవి ఎందుకంత మెత్తగా వస్తాయని ఒక్కసారి అడగలేదు. మూకుడు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పులుపు, కొర్రల వాసన. దాని వెనకాల, లీలగా, నా పాత గది వాసన. ఆ నల్లగోడల వాసన. ఆమెను పట్టుకుని ఇద్దరమూ పసిపిల్లల్లా ఏడ్చాం. డాక్టరమ్మ క్షమించాలి.

వెంటనే బానలో పోయలేదు. పిండిలో పులుపుపట్టే జీవాలు కూడా ఉంటాయి, తొందరపడితే వైను కాదు, పులిసిన గంజి అవుతుంది. చిన్న ముంతలో ద్రాక్షరసం తీసి, రెండు చెంచాల పిండి కలిపి, గుడ్డ కప్పి చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం రెండింటికి మొదటి బుడగ. నాలుగింటికి ముంత నురగ కక్కింది. పైన తేటగా ఉన్నది వడకట్టి రుచి చూశాను. వైను దారిలోనే ఉంది.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. సాయంత్రం కుళ్ళాయప్ప వచ్చి లెక్కవేసి చెప్పాడు. కంపెనీ పొడి వేస్తే పన్నెండో రోజుకు అయిపోతుంది, వాటా లోపలే. చెన్నక్క పిండితో మెల్లగా సాగుతుంది, పద్నాలుగో రోజు దాటవచ్చు. దాటితే బాన పూర్తికాకుండానే సొరంగం మూయాల్సి వస్తుంది, రసమంతా పారబోయాల్సి వస్తుంది. పొడి వేస్తే బాన ఖాయం. పిండి వేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

"నేను ఏదీ చెప్పను. బాన వన్నూరమ్మ బిడ్డది, వన్నూరమ్మే చెప్పల్ల" అన్నాను.

కబురు పెడితే ఆమె బిడ్డను భుజం మీద వేసుకుని వచ్చి, అంతా విన్నది.

"అత్తా, నా బాన ఎనిమిదో ఏటిది. తీగల సొరంగంలో మంటలు లేచిన ఏడు. నా పద్దెనిమిదో ఏట మూత తీస్తే గుప్పుమని పొగ వాసన. నేను అడిగినా, ఇదేంది నాయనా పొగ వాసన అని. అంతవరకూ మా అమ్మ ఎట్ల పోయిందో నాయన ఒక్క మాట చెప్పింటే ఒట్టు. ఆ పొద్దు గ్లాసు చేతిలో పట్టుకోని అంతా చెప్పినాడు. నన్ను తడిగుడ్డలో చుట్టి కిటికీలోనుంచి ఇచ్చి, ఆయమ్మ మళ్లీ బయటికి రాలేదంట." తండ్రి వంక చూసింది. కుళ్ళాయప్ప తల దించుకుని మీటరు తుడుస్తున్నాడు. "ఆ పొడి ఏసింటే నాకు మా అమ్మ సంగతి తెలిసేదా? నా బిడ్డకు ఏమీ చెప్పని వైను వద్దు. పిండే పోసేయ్."

పొడి పొట్లాన్ని చెన్నక్క తన చేత్తోనే మడిచి గూట్లో పెట్టింది. వడకట్టిన ముంతను బానలో నేను పోశాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి బానలో బయటి నుంచి ఒకటి కలిపాను. బయటిది ఎలా అవుతుంది లెండి, నా బానలోంచి పోయిందే తిరిగివచ్చింది. ఇన్నాళ్లూ నా విద్యను నేనొక్కదాన్నే కాపాడుతున్నానని అనుకున్నాను. ఎంత గర్వం!

పదో రోజు

మోగుతోంది! తెల్లారి తలుపు తీసేసరికి గది నిండా చిటపటలు. తొక్కలు మూరెడు ఎత్తు లేచి మూతను నెట్టాయి. చెన్నక్కను పిలిస్తే ఉన్న పళంగా పరిగెత్తుకొచ్చింది. ఆ వెనకాల సున్నం వేసిన పదకొండు మందీ వచ్చారు. ఒక్కొక్కరే వంగి చెవి పెట్టి విన్నారు. వన్నూరమ్మ పాపను తెచ్చి మళ్లీ ఆనించింది. ఈసారి పాప ఉలిక్కిపడి కేర్‌మంది, అందరూ పకపకా నవ్వారు. ఇంత సంతోషం ఈ మధ్యకాలంలో నాకు గుర్తులేదు.

పదమూడో రోజు

రసంలో తీపి ఇంకా మూడో వంతు ఉంది. మూడు నాలుగు రోజులు పడుతుంది. రేపు సాయంత్రం పెద్ద పంకా ఆపాలి. పైన అప్పుడే ఆకాశం ఎర్రబడిందట.

కుళ్ళాయప్ప పలక మీద లెక్కలు వేసి, తుడిచి, మళ్లీ వేశాడు. "అక్కా, బాన ఇప్పుడు నలుగురు మనుషులంత ఊపిరి వదుల్తాండాది. చిన్న పంకాలు రెండు వందల పదమూడు మందికే చాలుతాయి. ఒక్క తల కూడా ఎక్కువ పట్టదు."

"బానను పైగదికి మోస్తే?" అని అడిగాను. పైగది సొరంగం మూతి దగ్గర ఉన్న పాత కాపలాగది, దానికి వేరే గాలిజల్లెడ ఉంది.

"ఆ ఎండకు వైను ఉడికిపోతాది. బాన పైకి పోలేదు." మళ్లీ పలక చూసి అన్నాడు. "మనుషులైతే పోవచ్చు. నలుగురు పైకి పోతే, ఆ నలుగురి వాటా బానకు మిగుల్తాది. నలుగురికి ఆ జల్లెడ చాలు. ఉక్కకు ప్రాణం పోతాది గానీ, నిజంగా పోదు."

ఊరి కూడలిలో చెప్పాం. బలవంతం ఏమీ లేదని, పారబోసినా ఎవరూ తప్పుపట్టరని చెప్పాను. మాట పూర్తికాకముందే చెన్నక్క, "నేను పోతా" అంది. వన్నూరమ్మ మొగుడు సుంకన్న చెయ్యెత్తాడు. మూడో చెయ్యి ఎవరిదో చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. ఎర్రిస్వామి పంతులు!

"ఏం పంతులూ, చుక్క తాగనోడివి?" అన్నాను.

"తాగల్లని ఏముండాదమ్మా. నా బడికి వచ్చే పిల్ల గదా అది" అన్నాడు.

ఇంకా చాలా చేతులు లేచాయి. నాలుగో మనిషి నేనని చెప్పాను. అందరూ వద్దన్నారు, బాన దగ్గర నువ్వు లేకపోతే ఎట్లా అన్నారు. నేనూ అదే ఆలోచించాను. పులిసే బానను వదిలి ఒక్క పూట కూడా ఎక్కడికీ పోలేదు నేను. మా ఆయన చనిపోయిన రోజు కూడా మధ్యలో వచ్చి కలియబెట్టి పోయాను. కానీ ఇప్పుడు ఆ గదిలో నేను వదిలే ఊపిరి బాన వాటాలోంచి తీసుకున్నదే. అడ్డం రాకూడదని ఇన్నాళ్లూ చెప్పినదాన్ని, చెప్పిన మాట మీద నిలబడొద్దూ?

పద్నాలుగో రోజు

వన్నూరమ్మకు తెడ్డు అప్పగించాను. రోజుకు రెండుసార్లు, మెల్లగా, అడుగంటా కాదు, పైపొర మునిగేదాకా. చిటపటలు ఆగిన పూట రుచి చూడాలి. నాలుక మీద తీపి తగలకపోతే మూత పెట్టి మైనం పోసెయ్యాలి. పదిసార్లు చెప్పాను. "పో అత్తా, ఇంక పో" అని నన్ను గదిలోంచి నెట్టింది. ఐదింటికి పెద్ద పంకా ఆగింది. మేము నలుగురం మెట్లెక్కాం, మూడు వందల నలభై మెట్లు. మా వెనక మెట్ల తలుపు మూసుకుంది.

పదహారో రోజు, పైగది

వేడి గురించి రాయడానికి ఓపిక లేదు. పెనం మీద కూర్చున్నట్టుంది. బయట ఇసుక గోడకు కొట్టుకునే చప్పుడు ఆగదు. నలుగురం తడిబట్టలు కప్పుకుని నేలకు అతుక్కుపోయాం. సుంకన్న పాపను తలుచుకుని దిగులుపడుతున్నాడు. పంతులు మాకు ఎక్కాలు అప్పగించమని పరీక్ష పెట్టి, చెన్నక్క పదిహేనో ఎక్కంలో తప్పితే ఎగతాళి చేశాడు. అందరం నవ్వాం. నవ్వితే దాహమేస్తోంది, నవ్వొద్దని ఆయనే తిట్టాడు.

తన వాటా నీళ్లలోంచి సగం నా కళ్లు తడుపుకోమని ఇచ్చాడా మనిషి. ముప్పై ఏళ్లు నాతో పోట్లాడినవాడు. ఈ ముగ్గురికీ నేను ఏమిచ్చుకోగలను? చేతులెత్తి దణ్ణం పెట్టడం తప్ప ఏమీ తోచడం లేదు.

పదిహేడో రోజు, పైగది

మధ్యాహ్నం మాటల గొట్టంలోంచి వన్నూరమ్మ గొంతు వచ్చింది.

"అత్తా, నిల్చిపోయినాది. చెవి పెడితే ఏమీ ల్యా."

నేను గొట్టానికి నోరు ఆనించాను. "రుచి చూసినావా?"

"చూసినా. తీపి ల్యా. నాలుక మీద గరుకుగా, మంచిగా ఉండాది." గొంతు తగ్గించింది. "కానీ అత్తా, ఒకటి చెప్పల్ల. వాసన ఒకటి వస్తాండాది."

"ఏం వాసన?"

"అట్ల వాసన. పెనం మీద కొర్రట్టు తిరగేసినప్పుడు వస్తాదే, అది. మిగతాదంతా ద్రాక్షే, ఎనకాల మాత్రం అట్టు."

చెన్నక్క గొట్టం పక్కనే ఉంది, అంతా విన్నది. ఆమె ముఖం పాలిపోయింది. "మళ్లా చెడగొట్టినానా వదినా?" అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెంటినీ ఆపుకోలేదు. "మైనం పోసేయ్ వన్నూరీ! ఇంక దాన్ని ముట్టొద్దు!" అని గొట్టంలోకి అరిచాను. సుంకన్న లేచి చప్పట్లు కొట్టాడు. పంతులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, చెమటకేలే అన్నాడు. కింద నుంచి కుళ్ళాయప్ప, బాన ఊపిరి ఆగిందని మీటరు చూసి చెప్పాడు. మా నలుగురి గాలి మాకు తిరిగివచ్చింది, సాయంత్రం మెట్ల తలుపు తీస్తాడట.

"అత్తా" అంది వన్నూరమ్మ మళ్లీ. "పాపకు పద్దెనిమిది వచ్చినప్పుడు అడుగుతాది గదా, వైనులో ఇదేంది అట్ల వాసన అని. అప్పుడు ఎవురు చెప్పల్ల?"

నాకు అప్పటికి డెబ్భై తొమ్మిది. ఉంటే ఉంటాను, లేకపోతే లేదు. నేను చెన్నక్క వంక చూశాను. నాకన్నా ఐదేళ్లు చిన్నది, గట్టి మనిషి.

"చెన్నక్కవ్వ చెప్తాది. నా మాటగా రాసి పెట్టుకో" అన్నాను.

చెన్నక్క తడికొంగుతో ముఖం తుడుచుకుంది. "సున్నం సంగతి కూడా చెప్పల్లనా వదినా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

"ముందు అదే చెప్పల్ల" అన్నాను.